అమ్మ వయసు దాటబోతున్నాను

ఈసారి వచ్చిన ఉత్తరం ఏడు పేజీలు. రాసినావిడ తన వివరాలేవీ బయటపెట్టొద్దని కోరారు. అందుకని కుదించి, వీలైనచోట ఆవిడ మాటల్లోనే ఇస్తున్నాను.

ఆవిడకు 57 ఏళ్లు. ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తారు. 22 ఏళ్ల క్రితం వాళ్లమ్మగారు మెదడులో రక్తనాళం చిట్లి, అదే రోజు రాత్రి చనిపోయారు. అప్పటికి ఆమె వయసు 57 ఏళ్ల 4 నెలల 11 రోజులు. బీపీ ఉందని అంతకుముందు ఎవరికీ తెలియదు, ఎవరూ చూడలేదు. "వచ్చే నెల 19కి నాకు సరిగ్గా అమ్మ వయసు వస్తుంది. 20న నిద్ర లేస్తే నేను అమ్మకంటే పెద్దదాన్ని. లేస్తే" అని రాశారు. ఆ 'లేస్తే' కింద రెండు గీతలు గీశారు.

మూడేళ్ల క్రితం ఆవిడకూ బీపీ ఉందని తేలింది. రోజూ ఒక మాత్ర వేసుకుంటున్నారు, అదుపులోనే ఉందని డాక్టరు చెప్పారు. కానీ అప్పట్నుంచి రోజుకి ఎనిమిది, తొమ్మిదిసార్లు బీపీ చూసుకుని తేదీతో సహా రాసిపెడుతున్నారు. మూడు నోటుపుస్తకాలు నిండాయి. చేతికి వాచీ ఉంది. రాత్రి ఎంతసేపు గాఢనిద్ర పట్టిందో అది చెబితే గానీ, తను బాగా నిద్రపోయిందీ లేనిదీ ఆవిడకు తెలియదు. వయసును వెనక్కి తిప్పుతామని చెప్పే 11 రకాల మాత్రలు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని మింగుతున్నారు. 'శరీరం అసలు వయసు' చెప్పే పరీక్ష చేయించుకుంటే 63 అని వచ్చింది. వారం రోజులు ఏడ్చారట. రెండు నెలల తర్వాత ఇంకో కంపెనీ పరీక్షలో 51 వచ్చింది. "మొదటిది వెంటనే నమ్మాను. రెండోది ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను."

భర్త నాలుగు నెలల్లో రిటైరవుతారు. చిన్న ఇంటికి మారదామంటున్నారు. ఆవిడ ఔననరు, కాదనరు. "19 దాటాక చూద్దాం" అంటారు. పాతికేళ్ల కిందట వదిలేసిన సంగీతం మళ్లీ మొదలుపెట్టాలని ఉంది. అదీ 19 దాటాకే. 29 ఏళ్ల కూతురు ఈమధ్య వీడియో కాల్‌లో "నాతో మాట్లాడుతూనే వాచీ చూసుకుంటావమ్మా, నాకు కనిపిస్తుంది" అందట.

ఇక నాన్నగారు. ఆయనకు 84, వీళ్లతోనే ఉంటారు. తను మంచాన పడితే ఏం చేయాలో, ఏం చేయకూడదో ఒక నోటుపుస్తకంలో రాసుకున్నారు. "ఒక్క గంట కూర్చోమ్మా, చదివి వినిపిస్తాను" అని ఆరు నెలలుగా అడుగుతున్నారు. "ఆ మాటలు ఇప్పుడెందుకు నాన్నా" అని ఈవిడ లేచిపోతారు. పోయిన వారం అరిచేశారు కూడా. ఆయన పుస్తకం మూసి బల్ల మీద పెట్టేశారు. మళ్లీ అడగలేదు.

ఆవిడ అడిగినవి మూడు. అమ్మ ఆయుష్షే నాకూ రాసిపెట్టి ఉందా? ఆరోగ్యం చూసుకోవడం తప్పా? నాన్న చెప్పేది వినాలంటే నేనేం చేయాలి? చివరి పేజీ అంచున, పెన్సిలుతో ఇంకొకటి: ఆ తేదీ దాటితే అన్నీ సర్దుకుంటాయా?

ముందు మీ పెన్సిలు ప్రశ్నకే చెబుతాను. సర్దుకోవు.

20వ తేదీ పొద్దున మీరు లేస్తారనే నా లెక్క, ఎందుకో కింద చెబుతాను. ఒకటి రెండు రోజులు తేలిగ్గా ఉంటుంది. ఆ తర్వాత మనసు ఇంకో తేదీ వెతుక్కుంటుంది. దానికి తేదీలకేం కరువు! ఇది మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. 19 వెనకాల మీరు దాచిపెట్టినవన్నీ, అంటే ఇల్లు, సంగీతం, నాన్నగారి గంట, 20న వాటంతటవే బయటికి రావు. వాటిని ఆ తేదీతో ముడిపెట్టింది మీరే కాబట్టి ఇప్పుడే విప్పేయొచ్చు కూడా.

అమ్మో నాన్నో పోయిన వయసు దగ్గరపడుతుంటే ఇలా రోజులు లెక్కపెట్టుకునేవాళ్లు మీరనుకున్న దానికంటే ఎక్కువమంది. బయటికి చెప్పరు, అంతే. నాకు తెలిసిన ఒకాయన, తండ్రి పోయిన వయసు వచ్చేదాకా కొత్త కళ్లజోడు చేయించుకోలేదు. ఎలాగూ పోతాం, డబ్బు దండగని. ఆయనకిప్పుడు 70. అప్పట్నుంచి ఇది నాలుగో కళ్లజోడు.

మీరు లెక్కల మనిషి కాబట్టి లెక్కతోనే మాట్లాడుకుందాం. 1825లో బెంజమిన్ గోంపెర్ట్జ్ అనే ఇంగ్లండ్ గణితవేత్త బీమా లెక్కల కోసం మరణాల పట్టికలు చూస్తూ ఒక సంగతి పట్టుకున్నాడు. పెద్దయ్యాక మనిషి చనిపోయే అవకాశం ఏటేటా దాదాపు ఒకే నిష్పత్తిలో పెరుగుతూ పోతుంది. ఇప్పటి లెక్కల్లో అది సుమారు ఎనిమిదేళ్లకోసారి రెట్టింపవుతుంది. మీ భాషలో చక్రవడ్డీ. చక్రవడ్డీ ఖాతాలో ఫలానా రోజున ఉన్నట్టుండి పెద్ద అంకె పడదు కదా, రోజూ కొంచెం కొంచెం పెరుగుతుంది. 57 ఏళ్ల 4 నెలల 11వ రోజుకీ 12వ రోజుకీ మధ్య ఆ గీతలో మెట్టూ లేదు, గొయ్యీ లేదు. 18 ఎలాంటిదో 19 అలాంటిదే, 20 కూడా. మీ వయసులో, బీపీ అదుపులో ఉన్న మనిషికి ఏ ఒక్క రోజు చూసినా ఆ రోజు దాటిపోయే అవకాశమే చాలా చాలా ఎక్కువ. ఈ మాట రెండు వైపులా పనిచేస్తుందని గమనించండి. 19 గండమూ కాదు, 20 వరమూ కాదు.

మరి అమ్మ పోలిక? 1996లో డెన్మార్క్‌లో కవలల రికార్డులు తీసి, ఎవరు ఎంతకాలం బతికారో పోల్చి చూశారు. ఆయుష్షులో తేడాలకు వంశపారంపర్యం కారణమయ్యేది సుమారు నాలుగో వంతేనని తేలింది. ఆ నాలుగో వంతు కూడా ఒక్క అమ్మ వైపు నుంచే రాదు. మీ నాన్నగారికి 84. ఏడు పేజీల్లో ఎక్కడా ఆయన వయసును మీ ఆయుష్షు లెక్కలో వేసుకోలేదు. ఒకవైపు అంకెలే రాసిన పద్దును మీ ఆఫీసులో ఎవరైనా తెచ్చిస్తే ఒప్పుకుంటారా?

అలాగని అమ్మగారి సంగతి పట్టించుకోనక్కర్లేదని కాదు. తల్లికో అక్కచెల్లెళ్లకో 65 లోపు, తండ్రికో అన్నదమ్ములకో 55 లోపు గుండె, రక్తనాళాల జబ్బు వస్తే డాక్టర్లు దాన్ని కాస్త ప్రత్యేకంగా రాసుకుంటారు. అమ్మగారు ఏ వయసులో ఎలా పోయారో మీ డాక్టరుకు చెప్పారా? ఉత్తరంలో ఆ మాట లేదు. చెప్పకపోతే ఈ వారమే చెప్పండి. మీకూ ఆమెకూ ఉన్న పెద్ద తేడా మాత్రం ఒకటుంది. ఆమెకు బీపీ ఉందని ఎవరికీ తెలియదు, మీకు తెలుసు, మందు పడుతోంది. 1991లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. 60 దాటి, బీపీలో పై అంకె ఎక్కువగా ఉన్న 4,736 మందిలో సగం మందికి మందులు, సగం మందికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి ఏళ్ల తరబడి చూశారు. మందులు పడ్డవాళ్లలో స్ట్రోక్‌లు, అంటే మెదడులో రక్తనాళం చిట్లడమో మూసుకుపోవడమో, 36 శాతం తక్కువ. మీరు రోజూ వేసుకునే ఆ ఒక్క మాత్ర, తక్కిన 11 డబ్బాలు కలిపి చేస్తామనే దానికంటే ఎక్కువ పని చేస్తోంది.

ఇంకోచోట మీరు ప్రపంచ సగటు ఆయుర్దాయం 73 లోంచి 57 తీసేసి, 16 అని రాసి, దాని చుట్టూ సున్నా చుట్టారు. అకౌంట్స్ చూసేవారు చేయాల్సిన తీసివేత కాదిది. ఆ 73 ఇప్పుడే పుట్టిన బిడ్డకు వేసే సగటు. పసితనంలో పోయేవాళ్లూ, పాతికేళ్లకు ప్రమాదాల్లో పోయేవాళ్లూ అందులో కలిసి ఉంటారు. 1900 ప్రాంతంలో ప్రపంచ సగటు 32 దగ్గర ఉండేది. అప్పుడు మాత్రం మనుషులు 32కే ముసలివాళ్లై పోయారా? పిల్లలు విపరీతంగా చనిపోయేవారు, సగటు కిందికి పడిపోయేది. 57 దాకా వచ్చినవాళ్లు ఆ గండాలన్నీ వెనక వదిలేసి వచ్చారు. వాళ్లకు మిగిలే సగటు 16 కంటే ఎక్కువే. ఎంత ఎక్కువన్నది దేశాన్ని బట్టి, ఆడా మగా అన్నదాన్ని బట్టి మారుతుంది. అయినా సగటు అనేది గుంపుకి సంబంధించిన మాట. ఒక మనిషి గురించి దానికేమీ తెలియదు.

ఇక్కడ ఒక కథ చెప్పకుండా ఉండలేను. ఫ్రాన్స్‌లో ఆర్ల్ అనే ఊళ్లో జాన్ కాల్మాన్ అనే ఆవిడ ఉండేది. 1965లో ఆవిడకు 90 ఏళ్లప్పుడు, 47 ఏళ్ల నోటరీ ఒకాయన ఒప్పందం రాసుకున్నాడు. ఆవిడ బతికున్నన్నాళ్లూ నెలనెలా ఇంత ఇస్తాడు, ఆవిడ పోయాక ఫ్లాట్ ఆయనది. 90 ఏళ్ల ముసలావిడ, ఎన్నాళ్లుంటుంది? లెక్క పక్కాగానే ఉంది. 30 ఏళ్లు కట్టి, 1995లో 77 ఏళ్ల వయసులో ఆయన పోయాడు. ఆవిడ ఉంది. ఆయన కుటుంబం కడుతూ పోయింది. 1997లో 122 ఏళ్ల వయసులో ఆవిడ కన్నుమూసేసరికి, ఆ ఫ్లాట్ ఖరీదుకి రెట్టింపుకంటే ఎక్కువే కట్టారు. మీరూ 122 ఏళ్లు ఉంటారని చెప్పడానికి కాదు ఇదంతా. ఎదుటివాళ్ల ఆయుష్షు మీదైనా, మన ఆయుష్షు మీదైనా ఇంత గట్టి ఒప్పందాలు రాసుకోవడం ప్రమాదం. మీరు అమ్మగారి వయసుతో రాసుకున్నది అలాంటిదే.

రెండో ప్రశ్న. ఆరోగ్యం చూసుకోవడం తప్పెందుకవుతుంది? కానీ జాగ్రత్తా భయమూ ఒకే బట్టలు కట్టుకుని తిరుగుతాయి, పైకి చూస్తే పోల్చుకోలేం. నేను ఒక గుర్తు పెట్టుకున్నాను. అంకె బాగుందని తెలిశాక ఏమవుతుంది? జాగ్రత్త అయితే మిషన్ పక్కన పెట్టి వేరే పనిలో పడతాం. భయమైతే పావుగంట హాయిగా ఉండి, 'మిషన్ సరిగ్గా చూపించిందా?' అని మళ్లీ చెయ్యి చాపుతాం. చూసిన ప్రతిసారీ వచ్చే ఆ పావుగంట ఊరటే అలవాటును గట్టిపరుస్తుంది. పైగా, టెన్షన్‌తో చూసుకుంటే బీపీ కొంత పెరిగే కనిపిస్తుంది. అది చూసి ఇంకాస్త టెన్షన్. మీ మూడు నోటుపుస్తకాల్లో ఈ జోడీలు ఎన్ని దొరుకుతాయో ఒకసారి చూడండి.

ముందు ఉన్న దారులు మూడు. ఇలాగే కొనసాగించడం ఒకటి. ప్రాణానికేం ప్రమాదం లేదు, రోజులు మాత్రం పోతాయి. చూసుకోవడం, రాసుకోవడం, మళ్లీ చూసుకోవడం కలిపి రోజుకి గంటన్నర అనుకున్నా, మూడేళ్లలో 68 పగళ్లూ రాత్రులూ. యయాతి యవ్వనాన్ని కొడుకు దగ్గర తీసుకున్నాడు. మీరు ఎప్పుడో రాబోయే 87 ఏళ్ల మీ కోసం ఇప్పటి 57 ఏళ్ల మీ దగ్గర రోజులు తీసుకుంటున్నారు. రెండో దారి, మిషన్‌ను అటకెక్కించేయడం. కోపం వచ్చినప్పుడు మీవారు ఈ మాటే అన్నారని రాశారు. అది వద్దు. మీకు బీపీ ఉంది, చూసుకోవాల్సిందే. మూడోది, డాక్టరుతో మాట్లాడి ఎప్పుడెప్పుడు చూసుకోవాలో ముందే రాసిపెట్టుకోవడం. మామూలుగా డాక్టర్లు అడిగేది ఇంతే: డాక్టరు దగ్గరికి వెళ్లేముందు వారం రోజులు, పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు. ఐదు నిమిషాలు వీపు ఆనించి ఊరికే కూర్చుని, ఆ ముందు అరగంటలో కాఫీ, వ్యాయామం లేకుండా. మీ విషయంలో ఎంత తరచుగా అన్నది ఆయన చెబుతారు.

ఈ మూడో దారికీ ఖరీదుంది, దాచను. మొదటి రెండు వారాలు భయం తగ్గదు, పెరుగుతుంది. చెయ్యి లాగుతుంది. పెరిగి, కాసేపు ఉండి, ఏమీ చేయకపోయినా దానంతటదే దిగుతుందని మీరే చూసుకోవాలి. అప్పుడు మీవారిని "నాకేం కాదు కదా?" అని అడగాలనిపిస్తుంది. రోజుకి తొమ్మిదిసార్లు అలా అడిగితే మిషన్ స్థానంలో ఆయన వచ్చినట్టే. ఆయనకు ముందే చెప్పిపెట్టండి, ఒక్కసారి చెప్పి ఊరుకోమనండి.

ఒక్క మినహాయింపు. ముఖం ఒకవైపు జారినా, ఒక చెయ్యి లేవకపోయినా, మాట ఉన్నట్టుండి ముద్దగా వచ్చినా, మునుపెన్నడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా విరుచుకుపడినా మిషన్ కోసం వెతుక్కోవద్దు. వెంటనే అంబులెన్స్ పిలవాలి. ఇంట్లో అందరికీ ఇది తెలిసి ఉండాలి.

11 డబ్బాల గురించి కొద్దిగా. విటమినే కదా, మంచి చేయకపోయినా చెడు చేయదనుకుంటాం. 1994లో ఫిన్లాండ్‌లో 29 వేలమందికి పైగా పొగతాగే మగవాళ్ల మీద చేసిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. బీటా కెరోటిన్ మాత్రలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని ఆశపడ్డారు. మాత్రలు మింగినవాళ్లలో అది 18 శాతం ఎక్కువ వచ్చింది. మీరు పొగతాగరు, కాబట్టి ఆ అంకె మీకు వర్తించదు. కానీ 'సహజం', 'విటమిన్' అన్న మాటలు పూచీకత్తులు కావని తెలుస్తుంది కదా. డబ్బాలన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు ముందు పెట్టండి. బీపీ మాత్రతో పడనివి అందులో ఉండొచ్చు. పరీక్షలో లోపం తేలి ఆయన రాసినవి ఉంచుకుని తక్కినవి వదిలేయొచ్చు. బీపీ మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

'శరీరం అసలు వయసు' పరీక్షలకు ఆధారం లేదనను. 2013లో స్టీవ్ హోర్వాత్ అనే శాస్త్రవేత్త, డీఎన్ఏ మీద 353 చోట్ల ఉండే రసాయన గుర్తులను బట్టి వయసు అంచనా వేసే పద్ధతి చూపించారు. వందల వేలమందిని కలిపి చూసే పరిశోధనల్లో ఇలాంటివి పనికొస్తాయి. ఒక్క మనిషికి, ఒక్కసారికి ఎంత పనికొస్తాయో మీకే అనుభవమైంది. రెండు నెలల్లో ఎవరి ఒళ్లూ 12 ఏళ్లు చిన్నది కాదు. ఇక నన్ను అడిగితే, ఆ డబ్బుతో సంగీతం మాస్టారి ఫీజు కట్టేయండి.

నిజంగా పనికొచ్చేవి కొత్తగా చెప్పడానికేం లేదు. పొగాకు దూరంగా, బీపీ అదుపులో, నిద్ర, నడక. ఒకటి మాత్రం మీ నోటుపుస్తకాల్లో కనబడలేదు, కండల బలం. 1990లో అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో 86 నుంచి 96 ఏళ్ల వయసున్న పదిమంది చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తే వ్యాయామం చేయించారు. చివరిదాకా చేసినవాళ్ల కాళ్ల బలం సగటున రెట్టింపు దాటింది. తొంభైల్లో! ఎన్నేళ్లు ఉంటామన్నది మన చేతుల్లో కొంతే ఉంటుంది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కుర్చీలోంచి లేవగలమా అన్నది అంతకంటే చాలా ఎక్కువ మన చేతుల్లో ఉంటుంది. నాకూ 60 దాటాయి, మోకాళ్లు చెప్పిన మాట వినవు, అయినా వారానికి రెండు రోజులు బరువులెత్తుతాను. ఆ తర్వాత మెట్లు ఎక్కుతుంటే కాస్త గర్వంగా కూడా ఉంటుంది.

ఇప్పుడు, మీరు అడగని విషయం.

మూడో పేజీ చివర ఒక వాక్యం ఉంది. "ఆ మధ్యాహ్నం అమ్మ ఆఫీసుకి ఫోన్ చేసి తల పగిలిపోతోందే అంటే, కాసేపు పడుకో, సాయంత్రం చేస్తాను అన్నాను." అంతే. తర్వాతి వాక్యం మీ వాచీ గురించి. ఏడు పేజీల్లో అమ్మగారి చివరి మాట ఇదొక్కటే, దాన్ని దాటుకుని అంత వేగంగా వెళ్లిపోయారు.

నా ఊహ చెబుతాను, తప్పయితే పక్కన పెట్టేయండి. ఆ రోజు ఆమె చేతికి ఎవరూ కట్టని బీపీ మిషన్‌ను, 22 ఏళ్ల తర్వాత, రోజుకి తొమ్మిదిసార్లు మీరు మీ చేతికి కట్టుకుంటున్నారు. అందుకే ఎన్నిసార్లు కట్టినా చాలడం లేదు. మీ బీపీ చూసుకుంటే తేలే లెక్క కాదది.

తలనొప్పి అని అమ్మ ఫోన్ చేస్తే ఆఫీసులో ఉన్న ఏ కూతురైనా అనే మాటే మీరు అన్నారు. తలనొప్పుల్లో నూటికి తొంభై తొమ్మిది పడుకుంటే తగ్గేవే. బీపీ చాలామందిలో ఏ లక్షణమూ లేకుండా ఏళ్ల తరబడి లోపల ఉండిపోతుంది, ఆమెకే తెలియలేదు. ఇవి మీకు తెలియని సంగతులు కావు. తెలిసినా మనసు ఒప్పుకోకపోవడానికి కారణం, ఈ మాట ఇన్నేళ్లలో మీరు ఇంకో మనిషితో అని ఉండరని నా అనుమానం. కౌన్సెలర్ దగ్గర అనొచ్చు, కూతురితో అనొచ్చు. కౌన్సెలర్ అయితే మీ ఏడుపుకి బెదిరిపోరు, ఆరోగ్యం గురించిన ఈ రకం భయానికి ప్రత్యేకమైన పద్ధతులూ ఉన్నాయి, బాగా పనిచేస్తాయి. కానీ వాళ్లకు మీ అమ్మ తెలియదు. కూతురికి ఏడేళ్లప్పటి అమ్మమ్మ గుర్తుంటుంది, కానీ మీ బరువు కొంత ఆమెకు ఎక్కుతుంది. రెండూ చేయొచ్చు. నిద్ర పట్టకపోవడం, గుండె దడ, పని చేయలేకపోవడం వారాల తరబడి ఉన్నా, బతుకే వద్దనిపించినా మొదట డాక్టరు దగ్గరికే వెళ్లండి, ఆగొద్దు.

మూడో వ్యక్తి ఇంకొకరున్నారు. ఆ మధ్యాహ్నం ఆమె పక్కనే ఉన్న మనిషి.

నాన్నగారు తన చావు గురించి మాట్లాడబోతే మీకు వినబడేది మీ చావు, అమ్మ చావు. ఆయనకు మాత్రం అది ఇంటి పనుల్లో ఒక పని, తేల్చి పక్కన పెట్టేద్దామనుకుంటున్నారు. ఎనభైల్లో ఉన్నవాళ్లు ఈ విషయం యాభైల్లో ఉన్నవాళ్లకంటే నిమ్మళంగా మాట్లాడటం మామూలే. మిగిలిన కాలం తక్కువని తెలిసేకొద్దీ మనుషులు వ్యవహారాలు తగ్గించుకుని, తమకు ముఖ్యమైన నలుగురి దగ్గరికి జరుగుతారని లారా కార్‌స్టెన్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి చేసిన పరిశోధనల్లో చూపించారు. ఆయన జరిగింది మీ దగ్గరికి. మీరేమో లేచిపోతున్నారు.

వినకపోతే ఏమవుతుంది? ఆయనకు నిజంగానే సీరియస్ అయిన రోజు, ఆసుపత్రి వరండాలో నిలబడి మీరే తేల్చాల్సి వస్తుంది. గొట్టం వేయాలా వద్దా, ఇంటికి తీసుకెళ్లాలా ఉంచాలా అని. ఆయన ఏమనుకున్నారో తెలియకుండా తీసుకున్న నిర్ణయం, ఏదైనా సరే, తర్వాత మీ చేత ఇంకో మూడు నోటుపుస్తకాలు నింపిస్తుంది. 2010లో మెల్‌బోర్న్‌లో 80 దాటిన 309 మంది రోగులతో ఒక పరిశోధన చేశారు. ముందే కూర్చుని మాట్లాడి రాసిపెట్టుకున్నవాళ్లలో, చనిపోయినవారి కోరిక తెలిసి అలాగే నడిచింది 86 శాతం మందికి. మాట్లాడనివాళ్లలో 30 శాతం మందికే. ఆ తర్వాత ఇంటివాళ్లలో దిగులు, టెన్షన్ కూడా మొదటి గుంపులోనే తక్కువ. అంటే ఆయన అడిగే గంట ఆయనకెంత అవసరమో మీకూ అంతే.

మీరొక్కరే వినాలని లేదు. మీవారిని పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. అప్పుడు మీరు మధ్యలో లేచి వెళ్లినా మాట ఆగదు, కాకపోతే నాన్నగారు కొన్ని సంగతులు అల్లుడి ముందు చెప్పకపోవచ్చు. ఆయన్నే రికార్డు చేసి ఇమ్మనొచ్చు. మీకు సులువే గానీ, 'ఈ మాటకు అర్థం ఇదేనా నాన్నా' అని అడగడానికి ఉండదు. ఆసుపత్రి గది మాటల్లో ఆ అర్థమే ముఖ్యం. "నన్ను కష్టపెట్టొద్దు" అంటే ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. లేదా గంటను నాలుగు ముక్కలు చేసుకోవచ్చు, వారానికో పావుగంట. నాకు ఇదే మీకు సరిపోతుందనిపిస్తోంది. వినడం అయ్యాక, ఆయన మాట్లాడలేని స్థితిలో ఆయన తరఫున ఎవరు మాట్లాడాలన్నది కాగితం మీదికి రావాలి. దాని పద్ధతి చోటుని బట్టి మారుతుంది, ఆయన డాక్టరునూ ఒక లాయరునూ అడిగి చేయించండి.

మీరు అరిచారు కాబట్టి ఆయన మళ్లీ అడగరు. మొదటి మాట మీరే అనాలి. క్షమాపణల ఉపన్యాసం అక్కర్లేదు. "నాన్నా, పావుగంట కూర్చుంటాను, ఏడుస్తానేమో, ఏడ్చినా మీరు ఆపకండి" అంటే చాలు.

ఇల్లు మారడం గురించి పెద్దగా చెప్పను. నాన్నగారి సంగతి తేలాకే ఆ లెక్క సరిగ్గా వస్తుంది. ఎన్ని గదులు కావాలి, మెట్లు ఉండొచ్చా లేదా అనేది ఆయన్ని బట్టి కూడా ఉంటుంది. మీవారికి ఆ మాట చెప్పండి. "19 దాటాక" అనడంకంటే అది ఆయనకు అర్థమవుతుంది. సంగీతం మాత్రం 19కి ముందే మొదలుపెట్టండి, ఒక్క క్లాసయినా.

ఆ రోజు ఏం చేయాలంటారా? సెలవు పెట్టి ఇంట్లో ఒంటరిగా కూర్చోవడం ఒక్కటి వద్దు, గడియారంతో కుస్తీ అవుతుంది. మామూలుగా ఆఫీసుకు వెళ్లొచ్చు, కానీ ఎవరికీ చెప్పకుండా వెళితే రోజంతా లోపల ఇంకో ఆఫీసు నడుస్తుంది. కూతురికి తేదీ చెప్పండి. ఆమెకు ఇప్పటిదాకా కనబడింది వాచీయే, దాని వెనక ఏముందో తెలియదు.

నోటుపుస్తకం ఇంకా బల్ల మీదే ఉందన్నారు. కూర్చునేటప్పుడు పెన్ను మీరు తీసుకెళ్లండి. ఆయన చెబుతుంటే రాసుకోండి, చేతికి పని ఉంటే మీకు కుదురుగా ఉంటుంది. ఆయన చదవడం అయ్యాక, ఓపిగ్గా ఉన్నట్టు కనిపిస్తే, ఆ మధ్యాహ్నం మీరు ఫోన్ పెట్టేశాక అమ్మ ఏం చేసిందో అడగండి. అలసిపోయినట్టుంటే వచ్చే వారం అడగండి.